రోజుకు ఎన్ని కేలరీలు కావాలి: కాగితం, కాటా పెట్టుకుని లెక్క కట్టే పద్ధతి

ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా వయసు, ఎత్తు, బరువు అడిగి క్షణంలో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పదు. మీ ఇంటి వంటకు, మీ పనికి అది ఎంతవరకు సరిపోతుందో అసలే చెప్పదు. నిజానికి దాని వెనకున్నవి బడి పిల్లలు చేయగల కూడికలు, హెచ్చవేతలే. ఒక కాగితం, పెన్ను, గ్రాములు చూపే వంటింటి కాటా, ఒళ్లు తూచుకునే మెషీన్ ఉంటే చాలు. అయితే ఒక్క మాట మొదట్లోనే గట్టిగా చెప్పాలి: ఏ సూత్రం వాడినా మొదట వచ్చేది అంచనాయే. మూడు వారాల పాటు మీ తిండి, మీ బరువు రాసుకుని సరిచూసుకున్నాకే అది మీ అంకె అవుతుంది. చాలామంది ఈ రెండో సగం వదిలేస్తారు, అందుకే లెక్క తప్పిందనుకుంటారు.

ఈ పద్ధతి 18 ఏళ్లు దాటిన, మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్లకు. పిల్లలకూ గర్భిణులకూ ఈ సూత్రం వాడకూడదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించకూడదు. మందు మోతాదు పాత తిండికి సరిపడా ఉంటుంది కాబట్టి, తిండి ఒక్కటే తగ్గితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కింద రాసిన ప్రొటీన్ లెక్కల్ని పట్టించుకోకుండా తమ డాక్టరు చెప్పిందే పాటించాలి.

శక్తి ఎక్కడ ఖర్చవుతుంది

మనం తిండి విషయంలో కేలరీ అనేది నిజానికి కిలో కేలరీ: ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే శక్తి. గ్రాము పిండి పదార్థం నుంచి 4, గ్రాము ప్రొటీన్ నుంచి 4, గ్రాము కొవ్వు నుంచి 9, గ్రాము ఆల్కహాల్ నుంచి 7 కేలరీలు వస్తాయి.

ఇలా వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం మనం కదలకుండా పడుకున్నా ఖర్చయిపోతుంది. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడటానికి, ఒంటి వేడి నిలబడటానికి, కణాల్లో ఉప్పు లవణాల తూకం చెడకుండా చూడటానికి అయ్యే ఈ కనీస ఖర్చునే బీఎంఆర్ అంటారు. ఎక్కువ శ్రమ లేని జీవితంలో రోజు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం ఇదే. తిన్నది అరిగించుకోవడానికి దాదాపు 10 శాతం పోతుంది. మిగిలిందే నడక, పని, వ్యాయామం వాటా.

బీఎంఆర్‌ని ఏ అవయవం ఎంత తింటుందో చూస్తే చాలా అపోహలు పోతాయి. మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు కలిపినా ఒంటి బరువులో ఆరు శాతం లోపే. కానీ విశ్రాంతిలో అయ్యే ఖర్చులో సగానికి పైగా వాటిదే. గుండె, మూత్రపిండాలు కిలోకు రోజుకు 440 కేలరీల చొప్పున, మెదడు 240 చొప్పున, కాలేయం 200 చొప్పున వాడుకుంటాయి. విశ్రాంతిలో ఉన్న కండ కిలోకు 13 మాత్రమే, కొవ్వు నాలుగున్నర. కాబట్టి రెండు కిలోల కండ పెంచితే కూర్చున్నచోటే బోలెడు కేలరీలు కరుగుతాయన్న జిమ్ మాటల్ని నమ్మకండి. అదనంగా ఖర్చయ్యేది రోజుకు 26. కండ పెంచుకోవాల్సిందే, కానీ దానికి కారణాలు వేరు: షుగర్ అదుపు, ఎముకల బలం, ముసలితనంలో ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడగలగడం.

ముప్పై దాటగానే మెటబాలిజం పడిపోతుందన్నది కూడా అలాంటి మాటే. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా జనం మీద చేసిన కొలతలు 2021లో వెలువడ్డాయి. ఒంటి పరిమాణాన్ని, కండ కొవ్వుల పాళ్లను లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు నిలకడగా ఉంటుందని అందులో తేలింది. నడివయసులో పొట్ట పెరగడానికి కారణం చాలావరకు తగ్గిన కదలిక, కరిగిన కండ, మారని కంచం.

ఇక తిన్నది ఎటు పోతుందో చూద్దాం. అన్నంలోని పిండి గ్లూకోజుగా మారి నెత్తురులో కలుస్తుంది. అప్పటికప్పుడు అవసరమైంది ఖర్చయి, మిగిలింది గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది: కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. కండరంలో దాచింది ఆ కండరమే వాడుకోవాలి. నెత్తురులోకి గ్లూకోజు విడుదల చేసేది కాలేయమే. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య మెదడుకు తిండి పెట్టేది ఆ కాలేయపు నిల్వే. ఏకాదశి ఉపవాసంలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఒక రోజు గడిచేసరికి అది దాదాపు అడుగంటుతుంది. అప్పుడు కాలేయం ప్రొటీన్ నుంచి, కొవ్వులోని గ్లిసరాల్ నుంచి గ్లూకోజు తయారుచేస్తుంది, కొవ్వును కీటోన్లు అనే ఇంధనంగా మార్చి మెదడుకు పంపుతుంది.

ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో రెండు కిలోలు తగ్గడం, పెళ్లి భోజనాలయ్యాక రెండు రోజుల్లో కిలోన్నర పెరగడం ఎక్కువగా ఈ నీళ్ల లెక్కే. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రెండు రోజుల్లో కిలోన్నర కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి పదకొండున్నర వేల కేలరీలు తినాలి. అది జరిగే పని కాదు.

మొదటి మెట్టు: బీఎంఆర్

ఎత్తు గోడకు ఆనుకుని, చెప్పులు లేకుండా టేపుతో కొలవండి. ఎప్పటిదో స్కూలు రికార్డులో ఉన్నది వాడకండి. బరువు పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు చూసుకోండి. అందరూ వాడే మిఫ్లిన్ సూత్రం 1990 నాటిది:

మగవారికి: (10 × బరువు కిలోల్లో) + (6.25 × ఎత్తు సెంటీమీటర్లలో) − (5 × వయసు) + 5
ఆడవారికి: అంతా అదే, చివర + 5 బదులు − 161

ఇది అమెరికన్లను కొలిచి తయారుచేసిన సూత్రం. మనవాళ్లకు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువో మనమే తేల్చుకోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనిలో 2,110, ఒక మోస్తరు శ్రమలో 2,710, కఠిన శ్రమలో 3,470 కేలరీలు అన్నారు. 55 కిలోల ఆడవారికి వరసగా 1,660, 2,130, 2,720. శ్రమను బట్టి బీఎంఆర్‌ని హెచ్చవేసే అంకెలు 1.4, 1.8, 2.3. వాటితో భాగిస్తే మగవాడి బీఎంఆర్ 1,507, ఆడవారిది 1,185 దగ్గర తేలుతుంది. అదే మనిషికి, 177 సెంటీమీటర్ల ఎత్తు, 30 ఏళ్ల వయసు పెట్టి మిఫ్లిన్ సూత్రంలో వేస్తే 1,611 వస్తుంది. 162 సెంటీమీటర్ల ఆవిడకు 1,251. అంటే తేడా అయిదారు శాతం. కాబట్టి సూత్రంలో వచ్చినదాన్ని 0.95తో హెచ్చవేసి వాడుకోండి.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 42 ఏళ్లావిడ, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, ఇంట్లో కుట్టు మిషను మీద పని. 660 + 969 − 210 − 161 = 1,258. దాన్ని 0.95తో హెచ్చవేస్తే 1,195.

రెండో మెట్టు: 24 గంటల పట్టీ

యాప్‌లు ఇక్కడే చేతులెత్తేస్తాయి. "తేలిక శ్రమ", "మోస్తరు శ్రమ" అని నాలుగైదు గళ్లు చూపించి ఒకటి ఎంచుకోమంటాయి. రోజుకు మూడు గంటలు వంట, రెండు గంటలు ఇంటి చాకిరీ, అయిదు గంటలు మిషను కుట్టే మనిషి ఏ గడిలోకి వస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు వాడే పద్ధతి దీనికంటే నికార్సైనది. ఒక్కో పనికి బీఎంఆర్‌తో పోల్చి ఒక అంకె ఉంటుంది. ఆ పని ఎన్ని గంటలు చేస్తే అన్నిసార్లు హెచ్చవేసి, మొత్తం కూడి, 24తో భాగించాలి.

నిద్ర 1.0
టీవీ, ఫోను, కబుర్లు 1.4
భోజనం 1.5
కూర్చుని చేసే పని 1.5
కారు నడపడం 2.0
వంట 2.1
స్నానం, ముస్తాబు 2.3
ఊడవడం, అంట్లు, బట్టలు 2.8
మామూలు నడక 3.2
చేత్తో నాట్లు, కలుపు తీత 4.1
నీళ్లు, కట్టెలు మోసుకురావడం 4.4
గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో నడక 4.5 దగ్గర

మన ఉదాహరణలో ఆవిడ రోజు ఇలా ఉందనుకుందాం: నిద్ర 7 గంటలు, స్నానం వగైరా 1, భోజనం 1, వంట 3, ఇంటి పని 2, కుట్టు 5, బజారుకు నడక అరగంట, మిగతా నాలుగున్నర గంటలు టీవీ, మాటలు. హెచ్చవేసి కూడితే 7 + 2.3 + 1.5 + 6.3 + 5.6 + 7.5 + 1.6 + 6.3 = 38.1. 24తో భాగిస్తే 1.59. బీఎంఆర్ 1,195ని 1.59తో హెచ్చవేస్తే రోజుకు 1,900 కేలరీలు.

ఇంకొకరు: ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 172 సెంటీమీటర్లు, 78 కిలోలు. బీఎంఆర్ 1,710 × 0.95 = 1,625. నిద్ర 7, స్నానం 1, భోజనం 1, కుర్చీలో 9, కారులో గంటన్నర, నడక అరగంట, ఫోను టీవీలు 4. కూడితే 34.5, భాగిస్తే 1.44, రోజుకు 2,340. ఇతను టీవీ ముందు కూర్చునే ఒక గంట తీసేసి మామూలు నడక నడిచాడనుకోండి. అదనపు ఖర్చు ఎంత? 3.2 లోంచి 1.4 తీసేస్తే 1.8, అతని గంట బీఎంఆర్ 68, అంటే 122 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉన్నవీ అన్నే. ఒళ్లు తగ్గడానికి నడక ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు నెలల తరబడి నడిచి నిరాశపడేది ఈ లెక్క తెలియకే. నడక మానమని కాదు. గుండెకు, షుగర్‌కి, నిద్రకు అది చేసే మేలు కేలరీల్లో కనిపించదు.

ఈ పట్టీలో జనం చేసే తప్పులు రెండు. ఒకటి, జిమ్‌లో గడిపిన గంటంతా వ్యాయామంగా రాసుకోవడం. సెట్టుకూ సెట్టుకూ మధ్య కూర్చున్నది, ఫోను చూసుకున్నది తీసేస్తే చాలామందికి అరగంట కూడా మిగలదు. రెండు, పట్టీలో నడక రాసి, మళ్లీ వాచీ చూపిన "కరిగిన కేలరీలు" పైన కలపడం. అదే ఖర్చును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. పైగా వాచీల అంకెలు అంత గట్టివి కావు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షిస్తే, వాటిలో మేలైనది కూడా కేలరీల్లో సగటున 27 శాతం తప్పింది. గుండె వేగానికి, అడుగులకు వాచీని వాడుకోండి, కేలరీలకు వద్దు.

కుర్చీ ఉద్యోగం చేస్తూ మీ పట్టీ 1.8 చూపిస్తుంటే ఎక్కడో గంటలు ఎక్కువ రాశారు. మళ్లీ చూడండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తరవాతి ఆరు నెలలు 520 కేలరీలు పైన కలపాలి.

మూడో మెట్టు: ఇంటి వంటను తూచడం

ఇది ఓపిక కావలసిన భాగం. ఇక్కడ శ్రద్ధ పెట్టిన ఇంటికే ఈ పద్ధతి పనిచేస్తుంది. సూత్రం ఒక్కటే: పచ్చి సరుకు తూచండి, కేలరీలన్నీ దాని మీదే వెయ్యండి. వండాక ఎంత నీరు పీల్చింది అన్నదాన్ని బట్టి గిన్నె బరువు మారుతుంది, కేలరీలు మారవు. పచ్చి బియ్యం అంకె తీసుకుని కంచంలోని అన్నానికి వేస్తే మూడు రెట్లు తప్పు వస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే తప్పుల్లో పెద్దది ఇదే.

వంద గ్రాములకు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని: బియ్యం 350, గోధుమ పిండి 320, జొన్నలు 334, రాగులు 321, కందిపప్పు 330, పల్లీలు 520, పంచదార 400, నూనె లేదా నెయ్యి 900, ఆవు పాలు 73, బర్రె పాలు 107. గుడ్డు ఒకటికి 70. ఆకుకూరలు, బీర, సొర, దొండ వంటి కూరగాయల్ని మొదట్లో వదిలేసినా పెద్దగా నష్టం లేదు. కూరలో కేలరీలు కాయవి కావు, నూనెవి.

అన్నం వండే తీరు చూడండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో పట్టే బియ్యం 150 గ్రాములు. రెండు కప్పులు పోశారు, అంటే 300 గ్రాములు, 1,050 కేలరీలు. ఖాళీ గిన్నె ఎంత తూగుతుందో ముందే తూచి గోడ మీద రాసి పెట్టుకోండి. ఉడికాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. 830 గ్రాముల అన్నం వచ్చిందనుకుంటే వంద గ్రాములకు 126. కంచంలో 250 గ్రాములు వడ్డించుకుంటే 315. ఒక వారం ఇలా తూచితే మీ ఇంటి హస్తానికి, అంటే అన్నం వడ్డించే గరిటెకు, ఎన్ని గ్రాములు వస్తాయో చేతికే తెలిసిపోతుంది. ఆ తరవాత రోజూ తూచనక్కరలేదు. గంజి వార్చే ఇళ్లలో కొంత పిండి గంజితో పోతుంది. ఆ గంజి తాగకపోతే లెక్క కాస్త ఎక్కువ చూపుతుంది. దాన్ని తరవాతి మెట్టు సర్దేస్తుంది.

పప్పు కూడా అంతే. కందిపప్పు 150 గ్రాములు 495, పోపు నూనె 20 గ్రాములు 180, రెండు వందల గ్రాముల టమాటా 40, మొత్తం 715. ఉడికి, మెదిపి, పోపు పెట్టాక 900 గ్రాములు తూగితే వందకు 79. మీ గరిటె 80 గ్రాములు పడితే గరిటెకు 64 కేలరీలు. ముద్దపప్పు చేసిన రోజు అదే గరిటెకు ఎక్కువ వస్తుంది, నీళ్లు తక్కువ కాబట్టి.

నూనెను చెంచాలతో కొలిచేవాళ్లు తక్కువ. సీసా వంచడమే అలవాటు. అందుకని వేపుడుకు ముందు నూనె సీసాను కాటా మీద పెట్టండి, పోశాక మళ్లీ పెట్టండి. తేడాయే మూకుట్లోకి వెళ్లింది. బజ్జీలు, పూరీలు వేసిన రోజు బాండీలో నూనెను ముందు తూచి, పని అయ్యి చల్లారాక మళ్లీ తూచితే పిండి పీల్చింది తేలుతుంది.

వంట చేసేవాళ్లకు రోజూ ఇది కష్టమైతే నెల లెక్క చూడండి. దీనికి మించిన తేలిక పరీక్ష లేదు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు కొన్ని ప్యాకెట్లలో లీటరు కంటే తక్కువ ఉంటోంది, కాబట్టి ప్యాకెట్ మీద గ్రాములు చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్లు అయిపోతుంటే 4,550 గ్రాములు. ముప్పై రోజులకు, నలుగురికి పంచితే తలకు రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల కంచానికి సూచించిన నూనె నెయ్యిలు కలిపి 27 గ్రాములు. ఆ లెక్కన నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపి. మొత్తం కుటుంబం ఏ కూరా మానకుండా తలకు వంద కేలరీలు తగ్గించుకోగల చోటు ఇది.

రాయడం మరిచిపోయేవి ఎప్పుడూ అవే. టీ: బర్రె పాలు 75 మిల్లీలీటర్లు, రెండు చెంచాల పంచదార కలిస్తే 120, రోజుకు మూడు కప్పులు 360. టిఫిన్‌లో ఇడ్లీని లెక్కపెట్టి చట్నీని వదిలేస్తారు. మనిషికి 30 గ్రాముల పల్లీలు పడితే పోపు కాకుండానే 156. కందిపొడి అన్నంలో నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె, పిల్లలు వదిలేస్తే పారేయలేక తల్లి తినే నాలుగు ముద్దలు. మందు తాగేవాళ్లు 60 మిల్లీలీటర్ల విస్కీకి 140 రాసుకోవాలి. పక్కన నంజుకునేవి వేరే. ఎంత తింటున్నామో నిజాయతీగా చెప్పేవాళ్లు కూడా పొరబడతారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్నవాళ్లను 1992లో అమెరికాలో కొలిచి చూస్తే, నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ చెప్పారని తేలింది. అది అబద్ధం కాదు, జ్ఞాపకం చేసే పని. అందుకే తిన్న వెంటనే రాయాలి, రాత్రి పడుకునేముందు కాదు.

నాలుగో మెట్టు: మూడు వారాల సరిచూపు

తిండిలో ఏ మార్పూ చేయకుండా మూడు వారాలు రాయండి. రోజూ పొద్దున ఒకే సమయంలో, ఒకే మెషీన్ మీద, అది గట్టి నేల మీద ఉండగా బరువు చూసుకోండి. ఒక్కరోజు అంకెకు విలువ ఇవ్వకండి. ముందురోజు ఆవకాయ ఎక్కువైనా, మలబద్ధకమైనా కిలో అటూ ఇటూ పోతుంది. ఏడు రోజుల సగటు తీయండి. నెలసరి వచ్చే ఆడవారికి ఆ ముందు రోజుల్లో నీరు నిలిచి బరువు పెరుగుతుంది కాబట్టి, అవి లెక్కలో పడితే మరో వారం పొడిగించి, నాలుగు వారాల తేడాతో నెలసరిలో ఒకే దశను పోల్చుకోవడం మంచిది.

ఇప్పుడు మొదటి వారం సగటునూ మూడో వారం సగటునూ పోల్చండి. ఆ రెండిటి మధ్య దూరం 14 రోజులు. మన కుట్టు పని ఆవిడ రోజుకు సగటున 1,850 కేలరీలు రాసింది. మొదటి వారం సగటు 66.2, మూడో వారం 66.6. పెరిగింది 0.4 కిలోలు. 0.4 × 7,700 = 3,080; దాన్ని 14తో భాగిస్తే రోజుకు 220 ఎక్కువ. 1,850 లోంచి 220 తీస్తే 1,630. కాగితం 1,900 అంది, ఒళ్లు 1,630 అంటోంది.

ఇక్కడ కంగారు పడక్కర్లేదు. ఆవిడ ఖర్చు నిజంగానే తక్కువై ఉండొచ్చు, లేదా రోజూ రెండు మూడు వందల కేలరీలు రాయకుండా తప్పిపోతూ ఉండొచ్చు. ఏది నిజమో తేల్చనవసరం లేదు. ఇదే కాటాతో, ఇదే పద్ధతిలో రాసినంతకాలం 1,630 రాసిన రోజున బరువు నిలకడగా ఉంటుంది. పద్ధతి మారితే మాత్రం మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.

అంకె వచ్చాక ఏం చేయాలి

బరువు తగ్గాలంటే సరిచూసుకున్న అంకె నుంచి 300 నుంచి 500 తగ్గించండి, కానీ బీఎంఆర్ కిందికి వెళ్లకండి. మన ఆవిడకు 1,630 లోంచి 350 తీస్తే 1,280; బీఎంఆర్ 1,195 కాబట్టి దానికంటే కిందికి దించకూడదు. వారానికి 300 గ్రాములు తగ్గుతుంది. అది తక్కువగా అనిపించి 800 కేలరీల డైట్ల మీద పడేవాళ్లు 1944, 45ల్లో మిన్నెసోటాలో జరిగిన ప్రయోగం గుర్తుంచుకోవాలి. 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని దాదాపు ఆరు నెలలు సగం తిండితో ఉంచారు. బరువులో నాలుగో వంతు పోయింది, బీఎంఆర్ దాదాపు 40 శాతం పడిపోయింది. అందులో కొంత ఒళ్లు తగ్గినందుకు, మిగతాది శరీరం ఖర్చు బిగించుకున్నందుకు. చలి, నీరసం, రోజంతా తిండి ధ్యాస. అతి తక్కువ తినేవాళ్లలో తెలియకుండానే కదలిక కూడా తగ్గిపోతుంది.

తగ్గించేటప్పుడు ప్రొటీన్ తగ్గకూడదు. మామూలుగా కిలోకు 0.83 గ్రాములు చాలు. బరువు తగ్గే రోజుల్లో 1 నుంచి 1.2 మంచిది, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పైగా ప్రొటీన్‌లోని శక్తిలో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించడానికే ఖర్చవుతుంది. పిండికి 5 నుంచి 10, కొవ్వుకు మూడు లోపు. మన కంచంలో కోత పెట్టవలసింది సాధారణంగా అన్నంలో ఒక హస్తం, నూనెలో పది గ్రాములు, టీలో పంచదార. పప్పు, పెరుగు, గుడ్డు, చేప అలాగే ఉండాలి.

సన్నగా ఉండి పెరగాలనుకునేవాళ్లు 300 కలపండి. పొడులు కొననక్కర్లేదు, 30 గ్రాముల పల్లీలు, 140 మిల్లీలీటర్ల బర్రె పాలు కలిస్తే అంత అవుతుంది.

బరువు నాలుగైదు కిలోలు మారినా, ఉద్యోగం మారినా, ఊరు మారి నడక పోయినా మళ్లీ లెక్క వేయాలి. పొలం పని చేసేవాళ్లు కాలాన్ని బట్టి వేసుకోవాలి, వాళ్లకు తేడా చాలా ఎక్కువ. 30 ఏళ్లు, 152 సెంటీమీటర్లు, 48 కిలోలున్న కూలీ మనిషి బీఎంఆర్ 1,063. నాట్ల రోజుల్లో పొలంలో ఏడు గంటలు, గంట నడక, రెండు గంటలు వంట, గంటన్నర ఇంటి పని చేస్తే పట్టీ 2.33కి చేరుతుంది: రోజుకు 2,480 కేలరీలు. పని లేని ఎండాకాలంలో ఆ ఏడు గంటలూ ఇంటిపట్టున కూర్చుంటే 1.55, అంటే 1,650. ఎనిమిది వందల పైచిలుకు తేడా. నాట్ల రోజుల్లో దీన్ని అన్నంతోనే పూడ్చాలంటే పచ్చి బియ్యం దాదాపు 235 గ్రాములు అదనంగా వండాలి, అంత తినడం కష్టం, ప్రొటీన్ కూడా పెద్దగా రాదు. 100 గ్రాముల జొన్న పిండితో రొట్టెలు 334, 50 గ్రాముల పల్లీలు 260, 200 మిల్లీలీటర్ల బర్రె పాలు 214: కలిపి 808 కేలరీలు, దాదాపు 29 గ్రాముల ప్రొటీన్. రొట్టె, పల్లీలు పొలానికి మూటగట్టుకుని తీసుకెళ్లవచ్చు, పాలు రాత్రికి.